నీళ్లు ఆగితే పొగ లేచే చెయ్యి

మంగళవారం. మబ్బు పట్టింది కానీ గాలి లేదు. పొద్దున్నే నేను మా దుకాణం ముందు చిమ్ముతుంటే సోమయ్య బావ తన చెయ్యి తానే పట్టుకుని అరుస్తూ వచ్చాడు. వెనకే అక్క. వాగులో దొరికిన తుప్పు గొట్టాన్ని పాత ఇనుము కింద కబాడీవాడికి అమ్ముదామని రాయితో కొట్టాడట. అందులోంచి మైనం లాంటి ముద్ద అరచేతికి అంటుకుని మండింది. నీళ్లు పోస్తే ఆరింది. తడి ఆరగానే గాయంలోంచి మళ్లీ తెల్లటి పొగ, వెల్లుల్లి వాసన.

మా వైపు ఏది కాలినా ఇప్పనూనె రాస్తారు. అక్క అప్పటికే గిన్నె తెచ్చింది. ఊళ్లో ఇంజెక్షన్లు వేయడానికి వెళ్తున్న నర్సమ్మ అది చూసి పరుగున వచ్చింది.

"నూనె ముట్టియ్యకు అక్కా! ఇది బాంబుల పెట్టే భాస్వరం, గాలి తగిలితే మండుతది. నూనెల కరిగి ఒంట్లకు పోతది."

"ఏంది సిస్టర్, తాతల నాటి మందు!"

"తాతలకు ఈ గొట్టం దొరకలే. తడిగుడ్డ చుట్టు, ఆరనియ్యకు."

జీపులో కోంటా ఆసుపత్రి దాకా ఆ చేతి మీద నీళ్లు పోస్తూనే ఉన్నాను. గుడ్డ ఏ మూల ఆరితే అక్కడ పొగ లేచింది. "బామ్మర్దీ, చెయ్యి ఉంటదా?" అన్నాడు బావ. నేను అతని వేళ్ల సందుల్లోకి ఇంకాసిని నీళ్లు పోశాను.

డాక్టరు గది చీకటి చేయించి, చేతిలో మెరుస్తున్న తునకలను తడి ఆరకుండా ఒక్కొక్కటిగా పట్టుకారుతో తీశాడు. భాస్వరం రక్తంలో కలిస్తే గుండెకు ప్రమాదమట, అది కొట్టుకునే తీరు రేపటిదాకా చూడాలన్నాడు.

చీకటి పడ్డాక నేను ఇల్లు చేరాను; ఇప్పుడే ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. బావ వేళ్లు కదిపాడట. నూనె రాసి ఉంటే పొద్దున్నే కదిపేవాడని ఆమె వాదన. మీ ఇళ్లలో ఎవరికైనా కాలితే ముందు ఏం రాస్తారో చెప్పండి, అక్కకు చదివి వినిపిస్తాను.