ఇస్త్రీ మనిషి సీసా

కార్మొజీనా నలభై ఆరేళ్ళ బతుకులో వైను చుక్క నోట పెట్టి ఎరగదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఆ ఏడాది నేపుల్స్‌లో సగం ఊరు ఆమెని పచ్చి తాగుబోతనుకుంది. వాళ్ళ నాన్న రేవులో మూటలు మోసేవాడు. తాగి తాగి ఒక పొద్దున ఇంటి మెట్ల మీదే పోయాడు. అప్పటికి ఆమెకి పదకొండేళ్ళు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకి తప్పుకుంటుంది. పెళ్ళి విందుల్లో కూర్చోగానే తన గ్లాసు బోర్లించేసేది.

సందు మొదట్లో ఒకే ఒక్క గది ఆమెది. వెలుతురు రావాలన్నా గాలి రావాలన్నా ఆ తలుపే దిక్కు. బొగ్గుల పొయ్యి మీద ఆరు ఇస్త్రీ పెట్టెలు కాగుతుంటాయి. ఒకటి చల్లారితే ఇంకోటి అందుకోవడం, సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పట్టడం, బట్ట మీద ఉఫ్‌మని చల్లడం, రుద్దడం. వాళ్ళమ్మా అలాగే చేసింది. చేత్తో చల్లితే చుక్కలు చుక్కలుగా పడి మచ్చలొస్తాయి. నోటితో అయితే మంచు పడ్డట్టు సమంగా పడుతుంది.

వాళ్ళమ్మ కాలం నుంచీ చర్చి బలిపీఠం మీద పరిచే గుడ్డలు ఆ గదికే వచ్చేవి. ఆదివారం వాటి తెలుపు చూసే పై వీధుల డబ్బున్నవాళ్ళు తమ బట్టలూ పంపేవారు. అవి పోయాయా, ఆమె పొయ్యి ఆరినట్టే.

ఎదురింటి మూడో అంతస్తులో దొన్ రుజ్జేరో పల్మెంతియేరి ఉండేవాడు. ఆ ఊళ్ళో మర్యాదకి మగవాళ్ళని దొన్ అనీ, ఆడవాళ్ళని దొన్న అనీ పిలుస్తారు. పత్రికల్లో రాసేవాడు, నవలలూ రాసేవాడు. ఆయన జీవిత చరిత్ర కావాలంటే పండితుల దగ్గరికి పోనక్కర్లేదు, కార్మొజీనాని అడిగితే చాలు. పల్లెటూరి నుంచి దిగినప్పుడు రెండే చొక్కాలు, రెంటికీ మణికట్ల దగ్గర పోగులు లేచిపోయి. గంధకం గనుల మీద నవల అచ్చయ్యాక నాలుగయ్యాయి. కలరా ఏడాది ఆసుపత్రులు తిరిగి పత్రికకి రాసినన్నాళ్ళూ అన్నిటికీ అక్కడ చల్లే సున్నం కంపు. చేపల బజారు నవల తర్వాత రొమ్ముకి దిట్టంగా గంజి పెట్టే విందు చొక్కాలొచ్చాయి. అన్నిటి కుడి చేతికీ సిరా మరక మాత్రం మామూలే.

"నేను ఊహించను, దొన్న కార్మొజీనా," అనేవాడు చొక్కాలు తీసుకుంటూ. "డాక్టరు నాడి చూసినట్టు మనుషుల్ని చూస్తాను. చూసిందే రాస్తాను."

మంచివాడే కదా అని, అడిగాడు కదా అని, ఒకరోజు వాళ్ళ నాన్న సంగతంతా చెప్పుకుంది పిచ్చిది. అక్కడే కొంప మునిగింది.

దొన్ రుజ్జేరో కాక సందులో అక్షరం ముక్క వచ్చినవాడు మంగలి తొమ్మాజో ఒక్కడే. సాయంకాలం పత్రిక రాగానే సగం గీసిన గడ్డం వదిలేసి మరీ సీరియల్ బిగ్గరగా చదివేవాడు. దొన్ రుజ్జేరో కొత్త నవలలో పెపీనా అనే ఇస్త్రీ మనిషి వచ్చింది.

"'గంటలో పదకొండుసార్లు పెపీనా సీసా ఎత్తింది. తండ్రి నెత్తురు ఆమె గొంతులో దాహమై కూర్చుంది...'"

జనమంతా కార్మొజీనా వైపు తిరిగారు.

"ఏం దొన్నా, ఒక్కదానివే తాగేస్తావా? మాకూ ఓ గుక్క పొయ్యరాదూ!" అన్నాడు జనంలో ఒకడు.

"నీ నోట్లో నిప్పులు పొయ్య! నీళ్ళురా, నీళ్ళు!"

"మాకు తెలీదా తల్లీ? కానీ ఎంత బాగా రాశాడో, నాకు ఏడుపొచ్చేసింది," అన్నాడు తొమ్మాజో కళ్ళు తుడుచుకుంటూ. ఇలాంటి వాళ్ళతో ఏం వేగుతాం చెప్పండి!

సందు జనానికి తెలుసు సరే, పై వీధుల వాళ్ళకెలా తెలుస్తుంది? వారం తిరక్కుండా చర్చి ఫాదర్ సవేరియో వచ్చాడు. తను నవలలు ముట్టడట. చెల్లెలు ఒర్సోలా చదివి వినిపిస్తుందట, ఈయన వింటాడట, అంతే.

"చూడమ్మా, ఆ పెపీనా నువ్వేనంటున్నారు. పవిత్రమైన గుడ్డలు తాగుబోతు చేతుల్లో ఉండకూడదు. ఆదివారంలోగా నీ సంగతేంటో తేల్చుకో."

"నేను తాగను ఫాదర్!"

"మరి ఆ సీసా ఏమిటి?"

ఏమని చెప్తుంది? ఇరవై ఏళ్ళుగా మీ బలిపీఠం గుడ్డల మీద నా నోటి నీళ్ళే పడుతున్నాయని చెప్పాలా? తాగుబోతుననిపించుకుంటే ఒక పోటు, నిజం చెబితే ఇంకో పోటు. ఇక మిగిలింది రాసినవాడే. ఆ పెపీనాని ఎలాగోలా బాగుచేస్తే పీడా విరగడైపోతుంది.

ఉతికిన ఆయన చొక్కా ఒకటీ, తన సీసా ఒకటీ పట్టుకుని రొప్పుతూ మూడంతస్తులు ఎక్కింది.

"పెపీనా చేత తాగుడు మాన్పించండి దొన్ రుజ్జేరో. మీ చేతిలో పని. ఒక్క వాక్యం!"

"నా చేతిలో లేదమ్మా. తండ్రి తాగితే బిడ్డ తాగుతుంది. ఇది శాస్త్రం. వచ్చే వారం పిచ్చాసుపత్రిలో చచ్చిపోతుంది పాపం."

"ఆవిడ తాగట్లేదయ్యా మొర్రో!"

"ఈ కిటికీలోంచి నా కళ్ళతో చూశాను. లెక్కపెట్టాను."

ఇక మాటలు దండగనుకుంది కార్మొజీనా. సీసా ఎత్తి, నోటినిండా పట్టి, ఆయన బల్ల మీదే చొక్కా పరిచి ఉఫ్‌మని చల్లింది. సగం కాగితాలు తడిశాయి. సీసా తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టింది.

ఆయన వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. కాసేపు ముఖం పాలిపోయింది. తర్వాత కళ్ళలో ఏదో వెలుగొచ్చింది.

"అయితే బలిపీఠం గుడ్డలూ ఇలాగేనా?"

"అది రాయకండి! మీ అమ్మ మీద ఒట్టు, మీ కాళ్ళు పట్టుకుంటాను, అది మాత్రం రాయకండి!"

"నిజం దాచడం నా వల్ల కాదు, దొన్న కార్మొజీనా," అన్నాడు. అప్పటికే చేయి కలం వెతుక్కుంటోంది.

శనివారం పత్రికలో అంతా వచ్చేసింది. పెపీనా తాగదు, నోటితో నీళ్ళు చల్లుతుంది, దేవుడి గుడ్డల మీద కూడా. తన పొరపాటు తనే దిద్దుకున్న రచయిత ఎంత నిజాయితీపరుడో అని ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఆదివారం పూజ కాకముందే ఫాదర్ చెల్లెలు ఒర్సోలా మనిషిని పంపి గుడ్డల మూట తెప్పించేసుకుంది. మఠంలో కన్యాస్త్రీల చేత ఇస్త్రీ చేయిస్తారట. మఠంలో కన్యాస్త్రీలు నీళ్ళెలా చల్లుతారో మాత్రం ఒక్కరూ అడగలేదు. నెల తిరిగేసరికి పై వీధుల బట్టలూ ఆగిపోయాయి. ఆరు ఇస్త్రీ పెట్టెల్లో రెండే కాగుతున్నాయి.

అప్పుడు పత్రికవాళ్ళు దొన్ రుజ్జేరోకి విందు పెట్టారు. ఆ మధ్యాహ్నం పనిమనిషి ఆయన విందు చొక్కా తెచ్చింది, దాంతో పాటు ఒక చీటీ. తొమ్మాజో చదివాడు, చదవలేక చదివాడు.

"'దయచేసి ఇకమీదట నా చొక్కాలకి మాత్రం నీళ్ళు చేత్తో చల్లగలరు.'"

సందులో ఎవరూ నవ్వలేదు. కార్మొజీనా లేచి, సీసాలో నీళ్ళు గుమ్మంలో పారబోసి, మూల కొట్టుకెళ్ళి దాన్నిండా ఎర్ర వైను పోయించుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే తల్లీ?" అన్నాడు తొమ్మాజో భయపడిపోయి.

"ఆయన చూసిందే నిజం చేస్తున్నాను."

నోటినిండా పట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా మింగకుండా నోట్లోనే ఆపింది. తెల్లటి చొక్కా రొమ్ము మీద ఉఫ్‌మని చల్లింది. ఎంత సమంగా పడిందో! ఇంకోసారి పట్టింది, ఇంకోసారి చల్లింది. మీద వేడి పెట్టె ఆనించి మరక బాగా అతుక్కునేలా రుద్దింది. రొమ్ము లోపలికి మడిచి, నీలం కాగితం చుట్టి, విందుకి అరగంట ముందు పైకి పంపింది.

తర్వాత బకెట్ దగ్గర కూర్చుని నాలుగుసార్లు పుక్కిలించింది. ఒక్క చుక్క కూడా గొంతు దిగనివ్వలేదు.