సత్తెక్క అనని మాట

ఎనిమిదేళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఆ మాట నాది. కానీ ఇంకొకామె అన్నట్టుగా చెప్పాను. నా పేరు ఇక్కడ రాయడం లేదు. సిగ్గుతో కాదని రాయబోయాను గానీ, సిగ్గుతోనే. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ళైతే పోనీలే అని వెనకేసుకొస్తారు. నాకు అది వద్దు.

నాది కరీంనగర్ వైపు. ఒమన్‌లో, ఇబ్రాలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. అప్పట్లో ఆ ఇంట్లో తెలుగువాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. వంట, మేడమ్ కొడుకుని చూసుకోవడం నా పని. తుడవడం, బట్టలు ఉతకడం సత్తెక్క పని. గోదావరి మనిషి, నాకన్నా పెద్దది, భర్త పోయాక ఈ దేశం వచ్చింది. నాకు జ్వరమొస్తే నా గిన్నెలు కూడా తనే తోమేది. ఆమెకు అరబ్బీ రాదు. ఏం కావాలన్నా, ఎవరు ఏం అడిగినా మధ్యలో నేనే. ఆ ఇంట్లో ఆమెకు నోరు నేనే అనుకోండి.

పసివాడికి అప్పుడు నాలుగో నెల. ఎవరెవరో చుట్టాలు వచ్చి చూసి వెళ్ళాక రెండు రోజులు పాలు తాగలేదు, ఒకటే ఏడుపు. దిష్టి తగిలిందనుకున్నాను. మా అమ్మ చేసినట్టే చేశాను. రాళ్ళ ఉప్పు, ఎండు మిరపకాయలు, మేడమ్ దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు, అన్నీ వాడి పాత బనియను ముక్కలో కట్టి, వాడి చుట్టూ తిప్పాను. ప్రేమతోనే తిప్పాను. ఆ ఒక్క సంగతి మాత్రం నమ్మండి.

తీసిన దిష్టిని ఇంట్లో ఉంచకూడదు కదా. పొయ్యిలో వేస్తే మిరపకాయల ఘాటుకి ఇల్లంతా దగ్గుతారు. చెత్తబుట్టలో వేస్తే మళ్ళీ ఇంట్లోవాళ్ళకే తగులుతుందని మా నమ్మకం. మూడు దార్లు కలిసే చోట పారేయాలి. కానీ మమ్మల్ని ఒంటరిగా గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. శుక్రవారం అందరితో కలిసి కారులో వెళ్ళినప్పుడు పారేయొచ్చులే అని, ఆ మూటను బట్టలుతికే గదిలో మిషన్ వెనక దాచాను. నా గదిలో ఎందుకు దాచలేదు? అప్పుడేమీ ఆలోచించలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.

శుక్రవారం రాకముందే పిల్లాడికి జ్వరం వచ్చింది. అదే రోజు మేడమ్ అత్తగారికి ఆ మూట దొరికింది. విప్పి చూసింది. గోరింటాకు పెట్టిన కోడలి వెంట్రుకలు, మనవడి బనియను. "సిహర్" అని అరిచింది. సిహర్ అంటే చేతబడి. మా వైపు బాణామతి అంటాం. ఆ మాటకు నేను భయపడ్డాను. ఎందుకంటే ఆ మాట తగిలిన మనిషిని ఏం చేస్తారో నేను చిన్నప్పుడు చూశాను. మా ఊళ్ళో ఒక ముసలామెను స్తంభానికి కట్టేసి, ఇంక మంత్రం పలకలేకుండా చెయ్యాలని రాయితో పళ్ళు రాలగొట్టారు. చూస్తున్న గుంపులో నేనూ ఉన్నాను. పక్కింటివాళ్ళు ఉన్నారు, పలకలు పట్టుకున్న పిల్లలు ఉన్నారు. ఎవరూ ఆపలేదు.

మమ్మల్నిద్దరినీ హాల్లో నిలబెట్టారు. సత్తెక్క ఆ మూట చూడగానే అదేమిటో గుర్తుపట్టింది. ఎవరిదో కూడా గుర్తుపట్టింది. అయినా ఆమె ముఖంలో కోపం లేదు. మెల్లగా నాతో అంది:

"అది దిష్టి తీసిన ఉప్పని చెప్పవే. ఎవరు తీశారో నేనడగను, నువ్వూ చెప్పక్కర్లేదు. పిల్లోడి మేలు కోరే చేస్తారని చెప్పు, చాలు. నాకా మాటలు రావు కదా, నువ్వే చెప్పాలి."

"చెప్త అక్కా, నువ్వు ఊకో," అన్నాను.

మేడమ్ వైపు తిరిగి అరబ్బీలో చెప్పాను. ఆమే పెట్టిందట. మీ ఇంటి మీద కోపంతో పెట్టానంటోంది.

"చెప్పావా?" అంది సత్తెక్క.

"చెప్పిన."

ఆమె నా చెయ్యి నొక్కింది.

ఆ తర్వాత ఆమె సంచి బోర్లించారు. వేపాకు, కర్పూరం, మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా బయటపడ్డాయి. ఏ తెలుగింట్లో ఉండవు అవి? అవే సాక్ష్యాలైపోయాయి. ఆమెను గదిలో పెట్టి తాళం వేశారు. తలుపు లోపలి నుంచి "లా, లా" అనేది, కాదు కాదు అని. ఆమెకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అదొకటి. రెండు రోజుల తర్వాత ఎయిర్‌పోర్టుకి పంపేశారు. కారెక్కేటప్పుడు ఒక్కసారి నన్ను చూసింది. అప్పటికి ఆమెకు అర్థమైపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ ఇంటి డ్రైవర్ బయట రూములో ఉండే హైదరాబాద్ మనిషి. ఏం జరిగిందని నన్నడిగాడు. అతనికీ అదే అబద్ధం చెప్పాను. మొదటిది భయంతో చెప్పాను, సరే. రెండోది? అక్కడ నన్ను ఎవరూ స్తంభానికి కట్టబోవడం లేదు. తీరిగ్గా, టీ తాగుతూ చెప్పాను. అది అతని నోట పడి, మన వాళ్ళ రూములన్నీ తిరిగి, సత్తెక్క కన్నా ముందే ఆమె ఊరు చేరింది.

నన్ను ఇంకొకటి కూడా తినేస్తుంటుంది. మేడమ్ అత్తగారు రోజూ సాయంత్రం లుబాన్, అంటే మన సాంబ్రాణి లాంటిది, ఆ పొగ ఇల్లంతా తిప్పేది, మనవడి ఊయల చుట్టూ మరీ తిప్పేది. దిష్టి తగలకూడదనే. సత్తెక్క చెప్పమన్నది చెప్పినట్టు చెప్పి ఉంటే ఆ ముసలామెకు అర్థమయ్యేదేమో. అర్థం కాకపోయేదేమో కూడా. కానీ ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

నాకు మాత్రం మంచే జరిగింది. ఇల్లు కాపాడినదాన్నని మర్యాద పెరిగింది, ఒంటరిగా బజారుకు వెళ్ళనిచ్చారు. పండక్కి చుట్టాలొస్తే మేడమ్ అత్తగారు ఆ కథ చెప్పి నన్ను చూపించేది. నేను తల వంచుకుని కాఫీ పోసేదాన్ని. వాళ్ళు దాన్ని వినయం అనుకునేవాళ్ళు.

పోయిన వారం ఆ పిల్లాడు, నేను ఎత్తుకుని పెంచినవాడు, అన్నం తింటూ అడిగాడు: ఆ మంత్రగత్తెకు కోరలు ఉండేవా? ఈ పసివాడికి నేను పెట్టింది ఇదా? ఇక చాలు అనుకున్నాను. పని పోతే పోనీ, ఏం చేస్తే అది చేయనీ.

నిన్న పొద్దున మేడమ్ ముందు నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మూట నాదని చెప్పాను. సత్తెక్క ఆరోజు అన్న మాటలు ఒక్కొక్కటీ అరబ్బీలో చెప్పాను, ఆరోజు చెప్పవలసినట్టుగా. మేడమ్ అరవలేదు. లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. వాడు మెట్ల మీద వెనక్కి తిరిగి చూశాడు. ఆ తలుపు నా మీదే వేసిందని తెలుసు. వేయవలసిందే.

తర్వాత సత్తెక్క ఇంటికి ఫోన్ చేశాను. కోడలు ఎత్తింది. ఏడవకుండా, సాకులు చెప్పకుండా మొత్తం చెప్పాను. మీ అత్త ఏ పాపమూ ఎరగదని, ఈ సంగతి మీ ఊళ్ళో ఎవరికి చెప్పాలన్నా నేనే ఫోన్‌లో చెబుతానని అన్నాను. అంతా విని కోడలు అంది:

"మా బాబు పుట్టిన కాడ్నుంచి ఆవిణ్ణి ముట్టుకోనివ్వలేదండి. ఇప్పుడు ఆవిడ పిలిచినా వాడు దగ్గరికెళ్ళడు. భయపెట్టి పెంచేశాం. ఇప్పుడేం చెప్పమంటారు వాడికి?"

ఆ మాట అని, అత్తను పిలవనా అంది. పిలవమన్నాను. సత్తెక్క ఫోన్ దగ్గరికి రాలేదు. రాకపోవడం ఆమె ఇష్టం. క్షమించమని అడిగే హక్కు కూడా నాకుందో లేదో తెలియదు.

ఇప్పుడు పైన మేడమ్, ఆవిడ భర్త, అత్తగారు మాట్లాడుకుంటున్నారు. నా సంగతే. ఏం తేలుస్తారో తెలియదు. పిలిస్తే వెళ్తాను, ఏం అడిగినా నిజమే చెబుతాను. ఇన్నేళ్ళూ ఆ హాల్లోంచి ఎవరు నా పేరు పిలిచినా నిజం తెలిసిపోయిందేమోనని భయపడేదాన్ని. ఇదిగో, ఇప్పుడే అత్తగారు గట్టిగా పిలిచింది. వస్తున్నానని జవాబిచ్చాను. ఇక రాయడం ఆపి వెళ్తున్నాను.