పజుండౌంగ్‌లో నూరేళ్ల ఘటం

తెల్లవారేసరికే ఉక్కపోత. వాన ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటున్నారట, రాలేదు. కరెంటూ లేదు. యాంగోన్‌లో పజుండౌంగ్ కాలువ దగ్గర అమ్మవారి గుడి సందులో మగవాళ్లు వెదురు గుంజలు పాతి పందిరి వేస్తున్నారు. ఆడవాళ్లు వీధిలోనే కత్తిపీటలు వేసుకుని గుమ్మడికాయలు తరుగుతున్నారు. నాకు వేపమండలు కట్టే పని ఇచ్చారు. ప్రయాణం బడలిక ఇంకా తీరలేదు. కూర్చుంటే నిద్ర పట్టేలా ఉందని నిలబడే కట్టాను.

మాది శ్రీకాకుళం దగ్గర సముద్రం వైపు పల్లె. మా వైపు ముసలివాళ్లు బర్మాలోని యాంగోన్‌ను ఇప్పటికీ రంగం అనే అంటారు. రేవులో బస్తాలు మోయడానికి, అహ్లోన్ బియ్యం మిల్లుల్లో పనికి మా ఊరి నుంచి వెళ్లినవాళ్లు అక్కడ మా గ్రామదేవతకే చిన్న గుడి కట్టుకున్నారు. ఆ గుడికి నూరేళ్లు నిండి కొంతకాలమైంది. ముందు కరోనా, తర్వాత దేశంలో గొడవలు వచ్చి ఉత్సవం వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు చేస్తున్నామని గుడిపెద్ద ఊ అప్పన్న ఫోన్ చేశాడు. అక్కడ పెద్దవాళ్ల పేరుకు ముందు గౌరవంగా మగవాళ్లకు ఊ అని, ఆడవాళ్లకు డో అని పెడతారు. "సొంతూరి మనిషి ఒక్కడైనా ఉండాల, బావూ" అన్నాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పాస్‌పోర్టు నా దగ్గర ఉంది. నన్ను పొమ్మన్నారు.

విశాఖ నుంచి హౌరాకు రైలు, కోల్‌కతా నుంచి విమానం. విమానం అన్ని రోజులూ ఉండదు, ముందే చూసుకోవాలి. వీసా ఇంటర్నెట్‌లోనే వచ్చింది. దిగాక గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి. నన్ను తీసుకువెళ్లడానికి కో థాన్ అనే టాక్సీ డ్రైవరు వచ్చాడు. పెట్రోలు వరసలో నిలబడి రావడంతో ఆలస్యమైంది. విమానాశ్రయం నుంచి పజుండౌంగ్‌కు గంటకు పైగా పట్టింది. కో థాన్ బర్మా మనిషి, బౌద్ధుడు. అతని భార్య డో నూకాలు ఊ అప్పన్నకు స్వయానా చెల్లెలు.

"బావ మా ఇల్లు చూడలేదు" అన్నాడు దారిలో, వచ్చిన కాస్త తెలుగులో. "అహ్లోన్. దగ్గరే. కారు కూడా నాదే. అయినా రాలేదు." చెప్పి తనే నవ్వాడు.

ఆ సంగతి మర్నాడు పందిరి కింద తెలిసింది. ఘటం అంటే పసుపునీళ్లు పోసి వేపమండలు కట్టిన ఇత్తడి బిందె. దాన్ని గుడిపెద్ద ఇంటి ఆడపడుచు నెత్తిన పెట్టుకుని వీధులు తిరగాలి. తిరిగి గుడికి చేరాక అన్న తన చేతులతో దించి, చీర పెట్టి, ఆమెను అత్తవారింటిదాకా సాగనంపాలి. నూకాలు కో థాన్‌ను చేసుకున్నప్పటి నుంచి ఘటం ఆమెకు ఇవ్వలేదు. ఇస్తే సాగనంపడానికి కో థాన్ ఇంటి గడప తొక్కాలి. ఇన్నాళ్లూ అప్పన్న భార్యే మోసింది. నిరుడు ఆమె పోయింది. నూరేళ్ల పండగనాడు ఘటానికి నెత్తి లేదు.

ఊ అప్పన్న నా దగ్గరికి వచ్చి అందరూ వినేలా అడిగాడు. "మనూర్లో ఇలాటప్పుడు ఏటి సేత్తారు? బయటోణ్ని సేసుకున్న ఆడపిల్లకి గటం ఇత్తారా, ఇవ్వరా? నువ్వు సెప్పినట్టే సేత్తాం."

కత్తిపీటల చప్పుడు ఆగింది. పందిరి చివర గుమ్మడికాయ తరుగుతున్న డో నూకాలు మాత్రం తల ఎత్తలేదు. నేను ఉన్నమాట చెప్పాను. మా ఊళ్లో ఘటం ఎవరూ మోయడం లేదని, ఎండలకు ఆడపిల్లలు మోయలేమంటే ట్రాక్టరు మీద తిప్పుతున్నామని.

"ట్రాక్టరా?"

"అవును."

వంట చూస్తున్న పైడమ్మ గరిటె పట్టుకునే ఇవతలికి వచ్చింది. "ఓలమ్మో! అక్కడ అమ్మోరు ట్రాక్టరెక్కి తిరిగేత్తందా? మనకి ట్రాక్టరు లేదు గానీ కో థాన్ టాక్సీ ఉంది. డిక్కీలో ఎట్టేద్దుమా, ఊ అప్పన్నా?"

అందరూ నవ్వారు. అప్పన్న నవ్వలేదు. నోట్లోని కిళ్లీ ఉమ్మి వచ్చి, చెల్లెలి వైపు చూడకుండానే అన్నాడు. "తానం సేసి రా."

"ఇప్పుడు గుర్తొచ్చినానేటి? మెడ పట్టేసీ వొయసులోనా?"

"వొచ్చీదుంటే రా. మూడు కొట్టీలోగా వీది కాళీ సెయ్యాల, అంతవరకే పెర్మిసను."

"దించీది నువ్వే, సాగనంపీది నువ్వే. మజ్జిలో మోకాళ్లు నొప్పంటే ఊరుకోను."

ఆమె కత్తిపీట మడిచి లేచింది.

ఘటం పదింటికి కదిలింది. బోటాటౌంగ్ రేవు వైపు వెళ్లి తిరిగి రావడం. ఆమె కాళ్లకు పసుపు, బుగ్గలకు అక్కడివాళ్లు పూసుకునే తనకా అనే చెట్టుబెరడు గంధం. ముందు గుండెలకు కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ తప్పెటగుళ్లు. కుర్రవాళ్లు పాటను బర్మా అక్షరాల్లో ఫోన్లలో రాసుకుని చూసి పాడుతున్నారు. ఆమె ఎక్కడా ఆగలేదు. నా అరికాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి. గుడి ముందు ఊ అప్పన్న బిందె దించబోతే అది ఒక పక్కకు ఒరిగింది. పక్కనే ఉన్న కో థాన్ చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "పట్టు, పట్టు" అన్నాడు అప్పన్న. ఇద్దరూ కలిసి దించారు. తర్వాత అందరం వీధిలోనే పప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు తిన్నాం. చాలామంది మాట్లాడే ఓపిక లేక తిన్నచోటే పడుకున్నారు.

నూరేళ్ల పండగ అంటే పెద్ద హంగామా ఊహించుకుని వెళ్లకండి. ఒక సందు, అద్దె జనరేటరు, అలిసిపోయిన మనుషులు, అంతే. మేం దింపేసుకున్న బరువును వాళ్లు మా ఊరి పద్ధతి అనుకుని ఇంకా మోస్తున్నారు. అలాగని ట్రాక్టరును తప్పుపట్టే ధైర్యం నాకు లేదు, ఆ ఎండలో నడిచి చూశాను కాబట్టి. మీరు వెళితే ఒకటి గుర్తుంచుకోండి. చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి ఘటానికి సరిగ్గా వెనకే నడవండి. గుమ్మాల్లోంచి ఆమె పాదాల మీద బిందెలతో నీళ్లు పోస్తారు. రోడ్డు అక్కడ ఒక్కచోటే చల్లగా ఉంటుంది.

పొద్దు వాలకముందే కో థాన్, డో నూకాలు టాక్సీలో అహ్లోన్ వెళ్లారు. వెనక సీట్లో ఊ అప్పన్న వెళ్లాడు. మర్నాడు ఉదయం విమానానికి నేను బయలుదేరాను. అప్పటికి అతను చెల్లెలి ఇంటి నుంచి ఇంకా తిరిగి రాలేదు.