మేస్త్రి కట్టిన వెనక గోడలు

మా కాలనీ ఇళ్లు కట్టిన తాపీ మేస్త్రి మొన్న మంగళవారం పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఇంజనీరు దండ తెచ్చి వేసి, "పనిమంతుడు" అన్నాడు. ఆ మాట అనే హక్కు ఆయనకు లేదు. నాకూ లేదు.

టేకులపల్లి అడవి అంచున సర్కారు డబ్బుతో ఈ ఇళ్లు లేస్తున్న రోజులవి. ప్లానులో ఒకటే తలుపు. మేస్త్రి ఒప్పుకోలేదు.

"పత్తి ఏరంగనే ముందటి గదిల నింపుతరు సారూ. దానికి అంటుకుంటే లోపలున్నోళ్లు ఎటెళ్లి రావాలె? గుడిసైతే తడిక పీకి ఉరికెటోళ్లం."

"ప్లాన్‌ల లేనిది పెడితే బిల్లు ఆగుతది. ఇంటింటికి తలుపు నువ్వు కొనిస్తవా?" అన్నాడు ఇంజనీరు.

కొనే స్తోమత ఎవరికీ లేదు. ఇళ్ల కమిటీలో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. నగరాలు తగలబడ్డ చరిత్రలు ఎన్నో చదివినవాణ్ని. "స్లాబు ఇంటికి నిప్పేంది మేస్త్రీ?" అని నవ్వాను.

"మీరు పుస్తకాలు సదివిండ్రు సారూ, పత్తిని సదవలే."

ఆ తర్వాత అతను ప్రతి ఇంటి వెనక గోడలో తలుపంత మేర ఇటుకలను సిమెంటుతో కాక మట్టితో పేర్చాడు. ఇంటి ఆడవాళ్లకు మాత్రం చూపించి, "గీడ గట్టిగ తన్ను చెల్లె, పడతది" అనేవాడు. తనిఖీలో ఒక ఇంట్లో అది ఇంజనీరు కంటబడింది. మోసమని రాసి, ఆ మేస్త్రి చేతనే సిమెంటుతో మళ్లీ కట్టించాడు. సాక్షి సంతకం నాది. మిగతావి అప్పటికే పూత కింద దాగి బతికిపోయాయి.

నిరుడు సరిగ్గా ఆ ఇంట్లోనే పత్తి అంటుకుంది. లోపల ఒంటరి ఆడమనిషి. మేస్త్రి గడ్డపారతో వెనక గోడను పొడిచాడు. పెచ్చులు రాలాయి తప్ప గోడ పడలేదు. కేకలు ఆగిపోయాక కూడా పొడుస్తూనే ఉన్నాడు. చివరికి గడ్డపార వదిలేసి, "నేనే కట్టిన. గింత గట్టిగ కట్టిన" అన్నాడు.

దగ్గు ముదిరినా దవాఖానాకు పోలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు వెనక గోడను అరచేత్తో తట్టి చూసేవాడు. నా సంతకం గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాలిన ఇంటికి సున్నం వేసి మరొకరికి ఇచ్చారు. వెనక తలుపు ఇప్పటికీ లేదు. మేస్త్రి పాడె ఆ ఇంటి ముందునుంచే వెళ్లింది. ముందు గదిలో కిటికీ దాకా పత్తి. కుప్ప మీద కూర్చుని పత్తిలో చెత్త ఏరుతున్న ఆ ఇంటి కొత్త కోడలు డప్పు విని లేచి నిలబడింది. ఆమె వెనక, లోపలి గదిలో, పొయ్యి మండుతోంది.