కౌకూర్ చెల్లె డ్రెస్సు

నా చిన్నప్పుడు, మేడ్చల్‌లో మేమున్న రోజుల్లో, మా ఇంట్లో బట్టలకు ఒకటే నియమం ఉండేది. మాపు కనపడకూడదు. అందుకని నావన్నీ మట్టిరంగు, బూడిదరంగు, కాకపోతే ఇటుకపొడి రంగు. ఇందులో అమ్మ తప్పేమీ లేదు. నాయిన పాల వ్యానులో క్యాన్లు ఎత్తే పని చేసేవాడు. మేము ముగ్గురు పిల్లలం. పైగా శామీర్‌పేటలో ఉండే మా పెద్దమ్మ కూతురు విడిచిన బట్టలు కూడా నాకే వచ్చేవి. ఆమె నాకంటే రెండేళ్లు పెద్దది, బాగా బొద్దు మనిషి. ఆ బట్టలు తొడుక్కుంటే లోపల నేనెక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చేది.

నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉండేది. నలుగురి కంట పడకుండా ఉండటమే అప్పట్లో నా పెద్ద కోరిక. బడిలో చివరి బెంచీ, ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక సందు, ఈ రెండూ నా చోట్లు. నాయిన ఎక్కడి నుంచో ఒక పాత సంవత్సరపు డైరీ తెచ్చిస్తే, అచ్చేసిన తేదీలతో సంబంధం లేకుండా రోజూ అందులో రాసుకునేదాన్ని. పైకి అనాల్సిన మాటలన్నీ అక్కడే అనేదాన్ని.

మా పక్కింట్లో ఒక అక్క, వాళ్ల అమ్మతో కలిసి అద్దెకుండేది. జీడిమెట్లలో మందుబిళ్లలు ప్యాకింగ్ చేసే ఫ్యాక్టరీలో ఆమె పని. మొదటి షిఫ్టు కాబట్టి తెల్లవారకముందే వీధి చివర బస్సెక్కేది. నేను నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి రోజూ ఆమెను చూసేదాన్ని. ఆమెకున్నవి మూడే డ్రెస్సులు. అయినా ఎవరూ మూడని కనిపెట్టలేకపోయేవాళ్లు. ఒకదాని చున్నీ ఇంకోదాని మీద వేసేది, పాతబడిన అంచు విప్పి మరోదానికి కుట్టేది. ముఖానికి శనగపిండి, తలకు మందారాకు, కళ్లకు ఇంట్లో పట్టిన కాటుక. చేతినిండా గాజులు. ఆమె నడుస్తుంటే వీధి నిద్ర లేచినట్టుండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఫ్యాక్టరీ నుంచి వస్తూ తన టిఫిను డబ్బా నా చేతికిచ్చి లోపల పెట్టమంది. కడుగుదామని పై గిన్నె మూత తీశాను. అందులో కూర మరకల్లేవు. మెత్తటి గుడ్డ పరిచి ఉంది. మూత లోపలి వైపు రంగురంగుల బొట్టుబిళ్లలు వరసగా అంటించి ఉన్నాయి.

"ఏందక్కా గివి?" అన్నాను.

"కూరనుకున్నవా?" అని నవ్వింది. "ఫ్యాక్టరీ గేటు కాడ గాజులు, బొట్టు, పువ్వు అన్ని తియ్యమంటరే. మందులల్ల ఏమన్న వడ్తదని వాళ్ల భయం. గిండ్ల పెట్టి లోపలికి పోత. బయటికి రాంగనే మళ్ల వేసుకుంట."

"అక్కడ తీసేసేదానికి ఇక్కడ పెట్టుకునుడెందుకక్కా?"

"బస్సుల పోనీకె ముప్పావుగంట, రానీకె ముప్పావుగంట. గా గంటన్నర నాది గాదా? నా గంటన్నర నాకు మంచిగుండబుద్ధయితది."

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ డైరీలో రాసుకున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఆ ఏడు, మా ఊరి బస్టాండు మీద నేను రాసిన వ్యాసం మా తెలుగు టీచరుకు బాగా నచ్చింది. బడి వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి నేనే దాన్ని చదవాలన్నారు. ఆ రోజు యూనిఫాం వద్దు, మంచి రంగుబట్టలు వేసుకుని రమ్మన్నారు. క్లాసులో ఆడపిల్లలందరూ ఏమేం కొనుక్కుంటారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. నా దగ్గరున్నది పెద్దమ్మ కూతురిది, భుజాలు మోచేతుల దాకా జారే మట్టిరంగు డ్రెస్సు. దాన్ని తొడుక్కుని అంతమంది ముందు నిలబడటం నాకు కలలోకి కూడా వచ్చి భయపెట్టింది. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగలేదు. డైరీలో మాత్రం ఒకే మాట రాశాను. "ఆ రోజు నాకు జ్వరం రావాలి."

నాకు తెలియనిదేమిటంటే, నేను చెప్పకపోయినా వ్యాసం సంగతి టీచరు ద్వారా అమ్మకు చేరింది. అమ్మ నుంచి గోడ దాటి అక్కకు చేరింది.

ఆ ఆదివారమే పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె మా వీధికి వచ్చింది. అమ్మ తన కుంకుమరంగు చీర తెచ్చి ఆమె ముందు వేసింది. ఆ చీర నడుమంతా చీకిపోయింది కానీ కొంగూ జరీ అంచూ చెక్కుచెదరలేదు. సామానామె చీరను వెలుగుకు పట్టి పెదవి విరిచింది. "నడుమంత జల్లెడైంది గదమ్మా! చిన్న డబ్బా వస్తది, గంతే."

పక్కింటి గోడ మీదుగా అక్క తల కనిపించింది. "ఆగు చిన్నమ్మా! గా చీర నాకియ్యి. డబ్బా నేనిస్త. నాదైతె మూత గూడ గట్టిగుంటది."

"నా బేరం చెడగొడ్తవా పిల్లా?" అని సామానామె కసురుకుంది.

"నీకు ఊరంత ఉన్నది గదమ్మా, నాకు గీ ఒక్క చీర చాలు," అంటూ అక్క నిజంగానే తన ఇంట్లోంచి స్టీలు డబ్బా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, కౌకూర్‌లో వాళ్ల చిన్నాయన బిడ్డ ఉందనీ, వరసకు చెల్లె అవుతుందనీ, ఈ చీర కొంగూ అంచూ వేసి ఆ పిల్లకు డ్రెస్సు కుట్టించాలనీ చెప్పింది. "అచ్చం నీ ఎత్తే, నీ తీర్గనే పుల్ల లెక్కుంటది. నువ్వొస్తె కొలతకు పనికొస్తవ్. నడు అంగడికి."

వారం అంగడిలో తానుల చివర మిగిలిన ముక్కలు అమ్మే అతను నీలం టార్పాలిన్ కింద గుట్టలు పోసుకుని కూర్చున్నాడు. అక్క ముక్కలు ఎలా ఏరాలో చూపించింది. టార్పాలిన్ కింద ప్రతి రంగూ అబద్ధమాడుతుంది కాబట్టి ముక్కను ఎండలోకి తెచ్చి చూడాలట. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతలు ఎంత త్వరగా విడిపోతాయో గమనించాలట. ఒక మూల తడిచేసి తెల్ల రుమాలుతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుందట. ఇవన్నీ చెప్పి, చివరికి ఆమె చేతిలోకి తీసుకున్నది మాత్రం మట్టిరంగు ముక్క.

"గిది తీసుకుందామా? మాపు కనపడది," అంది.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "వద్దక్కా! పాపం, ఆ పిల్లకు గా మట్టిరంగెందుకు?"

"మరేది?"

నా మనసు కంటే ముందు నా వేలు లేచింది. గుట్ట అడుగున చిలకాకుపచ్చ ముక్క ఒకటి సగం బయటికి తొంగిచూస్తోంది.

"గంత చమక్ మనేదా?"

"కుంకుమరంగు అంచుకు గిదే మంచిగుంటది. ఎండల వట్టి చూడు."

అక్క సంచిలోంచి చీర అంచు బయటికి లాగి, రెంటినీ ఎండలో పట్టి చూసింది. ఆ పచ్చదనం పక్కన జరీ అంచు వెలిగింది. ఆమె వెంటనే డబ్బులు తీసింది. ఆ ముక్క కొనేసి, ఉప్పునీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టుకిద్దామంది. లేకపోతే మొదటి ఉతుకుకే కురచైపోతుందట.

రెండు రోజుల తర్వాత బస్టాండు వెనక రేకుల డబ్బాలో ఉండే టైలర్ తాత దగ్గరికి వెళ్లాం. తాత నా భుజాల మీద టేపు పెట్టి, చేతులు పొడుగా పొట్టా అని అడిగాడు.

"నాకేం దెల్సు, దీన్నడుగు," అంది అక్క.

నేను ఆ కౌకూర్ పిల్ల ఏం చేస్తుందని అడిగాను. "చదువుతది. ఎప్పుడు పుస్తకంల మొకం వెట్టుకునే ఉంటది. నోట్లకెల్లి మాట మాత్రం రాదు," అంది అక్క. నాకు ఆ పిల్ల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. మోచేతుల దాకా చేతులు, వాటి చివర అంచు, కొంగుతో చున్నీ అని వరసగా చెప్పేశాను. చివర్లో ఇంకో మాట కలిపాను. "పక్కకు ఒక జేబు వెట్టు తాతా."

"ఆడివిల్ల డ్రెస్సుకు జేబేంది బిడ్డా?"

"చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకుంటది. చున్నీ కింద ఎవలకు కనపడది. కుట్టు మీదనే పెడ్తే బట్ట గూడ ఎక్కువ పట్టది."

తాత కళ్లద్దాలు కిందికి జరిపి అక్క వైపు చూశాడు. "గీ పిల్ల ఇంట్ల గూడ వకీలు లెక్క గిట్లనే మాట్లాడ్తదా?"

"లేదు తాతా, గిదే ఫస్టు."

నేనెంతసేపు మాట్లాడానో అప్పుడు తెలిసొచ్చి టక్కున నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం డైరీలో కౌకూర్ అమ్మాయి గురించి ఒక పేజీ రాశాను. ఆమె అదృష్టవంతురాలనీ, ఇంతగా ఆలోచించి నాకెవరూ ఏదీ కుట్టించలేదనీ రాశాను. రాస్తుంటే కుళ్లు కూడా పుట్టింది. అయినా డ్రెస్సు బాగా కుదరాలనీ, ఈలోగా ఆ పిల్ల లావెక్కకూడదనీ దేవుడికి దండం పెట్టుకున్నాను.

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. కార్యక్రమం సాయంత్రం నాలుగింటికి. కోరుకున్న జ్వరం మాత్రం రాలేదు. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఒళ్లు కాలుతుందని మా బడిలో తరతరాలుగా నమ్మకం. మధ్యాహ్నం అన్నం తినగానే రెండు చంకల్లో రెండు ఉల్లిగడ్డ ముక్కలు పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాను. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్లిపోయింది. ఒళ్లు వేడెక్కలేదు కానీ కళ్లు మాత్రం మండసాగాయి.

షిఫ్టు దిగి అక్క నేరుగా మా ఇంటికే వచ్చింది. గుమ్మంలోనే ఆగి గట్టిగా వాసన పీల్చింది. "ఏం జ్వరమే గిది? మిర్చిబజ్జీల బండి కాడ నిలవడ్డట్టున్నది!"

నేను దుప్పటి ఇంకా పైకి లాక్కున్నాను. ఆమె పట్టించుకోకుండా సంచిలోంచి డ్రెస్సు తీసింది. "ఇయ్యాల్నే కౌకూర్ పంపాలె. ఒక్కసారి తొడిగి చూపియ్యి. కుట్టు తేడా ఉంటె జల్దీ పోయి చెప్పొస్త. తర్వాత మళ్ల పండుకుందువు."

కౌకూర్ అమ్మాయి కోసం కాబట్టి లేచాను. తొడుక్కున్నాను. మా ఇంట్లో ఉన్నది ముఖం మాత్రమే కనిపించే చిన్న అద్దం. అక్క దాన్ని గోడ నుంచి తీసి నా ముందు పైనుంచి కిందికి మెల్లగా దించుతూ చూపించింది. ముందు భుజాలు కనిపించాయి. అవి నా భుజాల దగ్గరే ఆగి ఉన్నాయి. తర్వాత నడుము, తర్వాత కుంకుమరంగు అంచు. నన్ను నేను అలా ముక్కలు ముక్కలుగా, మొదటిసారి పూర్తిగా చూసుకున్నాను. చెయ్యి దానంతటదే జేబు కోసం వెతికింది. జేబులో ఏదో గరగరలాడింది. తీసి చూస్తే మడిచిన కాగితం. నా చేతిరాత. "మా ఊరి బస్టాండు".

తలెత్తేసరికి గుమ్మంలో అమ్మ, ఆ స్టీలు డబ్బాను పొట్టకు ఆనించుకుని నవ్వు ఆపుకోలేకపోతోంది.

"గిది కౌకూర్ పిల్లది గదక్కా?" అన్నాను.

"కౌకూర్‌ల నాకెవలున్నరే? గా దిక్కు నేనెన్నడు పోనే పోలే!" అంటూ అక్క కూడా పడీపడీ నవ్వింది. "నీకేం గావాల్నంటే నువ్వు మట్టిరంగే అంటవ్. గందుకే ఒక చెల్లెను పుట్టించిన. ఇగ నడువు, ముందు తానం జెయ్యి. గా ఉల్లిగడ్డలు మీ అమ్మకియ్యి, కూరలకు పనికొస్తయ్."

ముక్క అక్క కొన్నదనీ, కుట్టుకూలి అమ్మ ఇచ్చిందనీ, నా బడిసంచిలోంచి వ్యాసం తీసి అక్కకు అందించింది కూడా అమ్మేననీ తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఏమీ అడిగే సమయం లేకపోయింది. స్నానం చేసొచ్చి నేను ముఖానికి దట్టంగా పౌడరు కొట్టుకుంటే, అక్క తడిగుడ్డతో తుడిచేసి కాటుక ఒక్కటే పెట్టింది. టిఫిను మూత మీంచి ఒక ఎర్ర బొట్టుబిళ్ల ఒలిచి నా నుదుట అంటించింది. తన గాజుల్లో నాలుగు నా చేతికెక్కించింది.

స్టేజీ మీద మొదటి వాక్యం నాకే వినపడలేదు. ముందు వరుసలో ఎవరో "గట్టిగా" అన్నారు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాను. అప్పుడెందుకో, అక్కడ నిలబడింది నేను కాదనీ, నోట్లోంచి మాట రాని ఆ కౌకూర్ పిల్ల అనీ అనిపించింది. ఆ పిల్లను చూసి ఎవరూ నవ్వకూడదు. టైలర్ తాతతో ఆమె కోసం వాదించిన గొంతు నాదే కదా. ఆ గొంతుతోనే రెండో వాక్యం చదివాను. బస్టాండులో కోడిని ఒళ్లో పెట్టుకుని దానికి టికెట్టు ఎందుకని కండక్టరుతో తగువులాడే అవ్వ సంగతి వచ్చేసరికి జనం నవ్వారు. నన్ను చూసి కాదు, నేను రాసినదానికి నవ్వారు. చివర్లో చప్పట్ల మధ్య గేటు దగ్గర్నుంచి గాజుల చప్పుడు వినపడింది. అక్క రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది.

ఆ నెలలోనే మా క్లాసు ఆడపిల్లలు ముగ్గురు తమ డ్రెస్సులకు జేబులు పెట్టించుకున్నారు. నేను ఆ దారిన పోతే టైలర్ తాత, "వకీలమ్మా, నీతోని నాకు పని వెరిగింది," అని అరిచేవాడు. నేను తల దించుకుని నవ్వుకుంటూ పోయేదాన్ని.

రెండేళ్ల తర్వాత అక్కవాళ్లు వేరే చోటికి మారిపోయారు. ఇప్పుడు నా కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. ఇప్పటికీ బట్టల షాపులో ఏది నచ్చినా గుమ్మం దాకా తెచ్చి ఎండలో పట్టి చూస్తాను, సేల్స్‌మెన్ విసుక్కున్నా సరే. ఇప్పటికీ నా చెయ్యి ముందు మట్టిరంగు వైపే పోతుంది. బట్టలనే కాదు, ఏ విషయంలోనైనా నా కోసం ఒకటి అడగాల్సి వస్తే నా గొంతు బియ్యం డ్రమ్ము వెనక్కి పరిగెడుతుంది. అప్పుడు కౌకూర్ చెల్లెను తలుచుకుంటాను. ఆమెకింకా పద్నాలుగేళ్లే. నా ఎత్తే, నా తీరే, నోట్లోంచి మాట రాదు. ఆమెకేం కావాలో నాకు బాగా తెలుసు. ఆమె కోసమైతే గట్టిగానే అడుగుతాను. ఇన్నేళ్లలో ఆమె కోసం ఒక్కసారి కూడా మట్టిరంగు కొనలేదు.