మోతి లోపలే పండుకుంటాది

మా అత్త పోయిందన్న మాట నాకు బడి అటెండరు చెప్పాడు. నేను చదువుకున్న కాన్వెంటులోనే ఇప్పుడు చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఏప్రిల్ నెల, ఒంటిపూట బళ్లు. పిల్లలు వెళ్లిపోయాక స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాం. ఆయన తలుపు దగ్గర నిలబడి, "పాపా, మీ అత్త పోయిందంట. ఇంటికి రమ్మంటాండారు" అన్నాడు. ఎర్ర సిరా పెన్నుకు మూత పెట్టి లేచాను. ఆ ఎండలో రిక్షాలో ఇంటికి పోతూ, పెద్దావిడ, నిద్రలో పోయి ఉంటుందిలే అనుకున్నాను.

నిద్రలో పోలేదు. ఇది రాయడానికి కారణం అదే. ఆమె పోయాక చర్చివాళ్లంతా చేరిన ఆదరణ కూడికలో లేచి మాట్లాడిన ప్రతివాళ్లూ ఆమె తమ్ముడింట్లో, అయినవాళ్ల మధ్య, ఏ లోటూ లేకుండా సుఖంగా కన్నుమూసిందని చెప్పారు. ఆళ్లగడ్డ మిషన్ బడిలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఊరూరా ఉన్నారు. కూడికకు రాలేకపోయినవాళ్లు ఇది చదువుతారు. వాళ్లకైనా అబద్ధం చేరకూడదు.

ఆమె మా నాయనకు పెద్దక్క. ఆయన చిన్నతనంలోనే వాళ్లమ్మ పోతే ఆయన్ను చంకనేసుకుని పెంచింది. పెళ్లి చేసుకోలేదు. ఆళ్లగడ్డలో రెండు గదుల ఇల్లు, బడి, ఒక కుక్క. ఒకటి పోతే ఇంకొకటి. అన్నిటికీ పేరు మోతి. "వేరే పేరు పెట్టరాదా అత్తా?" అని ఒకసారి అడిగితే, "ఎందుకు పాపా, పిలిచే నోరు అదే గదా" అంది.

ఎండాకాలం సెలవుల్లో నన్ను ఆమె దగ్గరికి పంపేవాళ్లు. నాకు మాట తక్కువ. పుస్తకం పట్టుకుని మూల కూర్చునేదాన్ని. మిగతా బంధువులు "దీనికి నోరుందా లేదా?" అని నా ఎదురుగానే అమ్మను అడిగేవాళ్లు. అత్త అడగలేదు. "నీకు నోరు తక్కువ పాపా. తక్కువుంటే ఏంది? ఉన్నకాడికి వాడుకో" అనేది. సాయంత్రం గోనెపట్ట నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తన మంచం కాళ్ల దగ్గర పరిచేది. మోతి వచ్చి దాని చుట్టూ తిరిగి, తిరిగి, ఒక నిట్టూర్పు విడిచి పడుకునేది. అన్నం ముందు ప్రార్థన చేస్తూ అత్త ఒక కన్ను తెరిచి కుక్క వైపు చూసేది. అది పళ్లెం వైపు చూస్తుంటే, కళ్లు మూసుకోమన్నట్టు వేలు ఎత్తేది. అది నిజంగానే తల దించేది.

కుక్కను ఇంట్లో పడుకోబెట్టే మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు. "కుక్కను కాపలాకు పెంచుతారా, పక్కలో పండబెట్టుకోను పెంచుతారా టీచరమ్మా?" అనేవాళ్లు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దొంగతనానికి వచ్చేవాళ్లు ముందుగా విషం కలిపిన మాంసం ముద్ద వీధి కుక్కలకూ వాకిట్లో కుక్కలకూ వేసేవాళ్లు. అత్త అందుకే బయట ఉంచేది కాదు.

నేను రెండో మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక వేసవిలో ఆమె ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. నంద్యాల నుంచి నాయన వచ్చాడు. సంఘపెద్దలు వస్తున్నారని, అత్త టీ కాస్తుండగా అప్పటి మోతిని తీసుకుపోయి వాకిట్లో గుంజకు కట్టేశాడు. కూడిక అయిపోయాక అత్త అడిగితే, "ఈ పొద్దుకు ఆడే ఉండనీ అక్కా. గాలి బాగుంది" అన్నాడు. తెల్లవారి చూస్తే అది గుంజ పక్కన నోట్లో నురుగుతో పడి ఉంది. వీధి చివర ఇంట్లో బీరువా పగలగొట్టారు.

అత్త ఏడవలేదు. గునపం తీసుకుని ఇంటి వెనక తనే గుంత తవ్వింది. నాయన పక్కన నిలబడి, గునపం ఇవ్వమని చేయి చాపుతూనే ఉన్నాడు. ఆమె ఇవ్వలేదు. మట్టి కప్పాక అంది: "బయటుండే కుక్క నీకు కాపలా అనుకుంటాండావు. వచ్చేటోనికి అదే మొదటి పని. ముందు దాన్ని చంపి కదా లోపలికొచ్చేది." నాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అంటే ఆయనకు తెలుసు. ఈ సంగతి తెలియనివాడు చేసి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

పోయిన ఏడు వానల్లో అత్త చేతిపంపు దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. కట్టు కట్టించాక చేతికర్ర పట్టుకుని గది దాటి గదికి పోగలిగేది, అంతే. ఒంటరిగా ఉండలేదని నాయన తీసుకురావడానికి పోయాడు. నేనూ వెంట పోయాను. ఆమె ట్రంకు పెట్టె మీద చేయి వేసి, ఒకే ఒక షరతు పెట్టింది.

"మోతి లోపలే పండుకుంటాది. నా మంచం కాడ. ఒప్పుకుంటే వస్తా. లేకుంటే ఈడనే ఉంటా."

"సరేలే అక్కా. అట్లే."

"సరేలే కాదు. మాటియ్యి."

నాయన ఆమె చేతిలో చేయి వేశాడు. జీపులో శిరివెళ్ల దాటేదాకా మోతి ఆయన చెప్పుల మీదే తల పెట్టుకుని పడుకుంది.

ఆ మాట దసరా సెలవుల దాకా నిలబడింది. మా ఇంట్లో వారం వారం స్త్రీల కూడిక జరుగుతుంది. చాపల మీద కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు చీరలు దులుపుకునేవాళ్లు. ఒక రోజు అన్నాల దగ్గర అమ్మ ఎత్తింది. "వదినా, వచ్చినోళ్ల చీరలకంతా బొచ్చు అంటుకుంటాంది. నేనేమని చెప్పుకోవాల?"

"కుక్క బొచ్చని చెప్పు. ఇంకేమని చెప్తావు?"

నాకు నవ్వొచ్చింది. నాయనకు రాలేదు. "అక్కా, బయట మంచి గూడు కట్టిస్తా. ఇంటికేసిన బండలే మిగిలినాయి. మనుషులుండే ఇల్లు మాదిరి కట్టిస్తా, చూడు."

"మనుషులుండే మాదిరుంటే మనుషుల్నే పండబెట్టు."

ఆమె చెప్పిందే తప్ప ఎవరూ వినలేదు. పెరట్లో తూర్పు గోడకు ఆనించి గూడు లేచింది. మా వైపు దేనికైనా బండలే. నేలకు బండ, అరుగుకు బండ, గడపకు బండ, గొడ్ల తొట్టికి బండ. నాపబండ పరిచిన నేల మే నెలలోనూ చల్లగా ఉంటుంది. మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా దాని మీదే పడుకుంటాం. అందుకే మా ఇంట్లో ఎవరికీ బండ అంటే వేడి అన్న ఆలోచన రాలేదు. మూడు వైపులా నిలువు బండలు, పైన అడ్డ బండ, ముందు ఇనుప కమ్మీల తలుపు, దానికి తాళం. సంఘంలోవాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. "ఏమప్పా, కుక్కకే ఇంత భోగమా!" అని ఒకాయన అంటే, నాయన ముఖం వెలిగిపోయింది.

అత్త కర్ర పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చింది. సాయంత్రపు ఎండ గూటి మీద సూటిగా పడుతోంది. పై బండ మీద అరచేయి ఆనించింది.

"రేయ్, ఈడ చెయ్యి పెట్టు."

"పొద్దుగూకితే చల్లబడుతాదిలే అక్కా."

"చల్లబడేది బండనా, కుక్కనా?"

ఆయన చేయి పెట్టలేదు. నేను పెట్టాను. వెంటనే తీసేశాను. అది చలికాలం మొదట్లో మాట. వేసవి ఇంకా రానే లేదు.

మర్నాడు అత్త పక్కింటి గాజుల సాయిబు భార్యను గోడ మీదుగా పిలిచింది. ఆమె నమాజు చేసుకునే మనిషి, మైల అని కుక్కను తాకదు. మా ఇంటికి వచ్చేటప్పుడు "టీచరమ్మా, నీ మోతిని పట్టుకో, నేనొస్తాండా" అని కేకేసి, దూరంగా కూర్చుని మాట్లాడి పోయేది. కుక్కను బయటికి తోలమని ఒక్కసారి కూడా అనలేదు. మా వాళ్లకు మాత్రం చీరలు ముఖ్యమయ్యాయి.

"బీబమ్మా, నా మంచం వసారాలోకి ఎయ్యాల. ఒక చెయ్యి పడతావా?"

"ఎందుకు టీచరమ్మా, లోపల బాగలేదా?"

"లోపల బాగుండాది. నాకే స్థలం చాల్లేదు."

నవారు మంచానికి ఒక వైపు బీబమ్మ, ఒక వైపు నేను. పెరటి వసారాలో, రేకుల కింద, గూటికి ఎదురుగా దించాం. మోతి గూటివైపు చూడనైనా చూడలేదు, నేరుగా మంచం కిందికి దూరింది. నాయన వచ్చి, "ఏందక్కా ఇది? తమ్ముడు అక్కను బయటేసినాడని ఊరంతా అనుకోరా?" అన్నాడు.

"కుక్కను బయటేసినాడు, అక్క దాని ఎంబడి పోయింది అని చెప్పు. నిజమే గదా."

అప్పటినుంచి ఆమె లోపలికి రాలేదు. వర్షం పడితే రేకుల కింద దుప్పటి కప్పుకుని కూర్చుంది. చలికి దగ్గింది. వచ్చినవాళ్లకు అమ్మ "మా వదినకు గాలి కావాలంట" అని చెప్పేది. నాయన మాట తప్పానని ఒక్కసారి అని ఉంటే ఆమె లేచి లోపలికి వచ్చేది, నాకు తెలుసు. మొండితనం ఆమెదని అందరూ అన్నారు. మాట ఇచ్చి తప్పినవాడిది మొండితనం కాదట, ఇంటి పరువట. మాట నిలబెట్టమని అడిగిన ఆడదానిది మొండితనమట.

బడి నుంచి వచ్చాక నేను ఆమె మంచం పట్టె మీద కూర్చుని చదివేదాన్ని. ఆమెకు చూపు మందగించి అక్షరాలు కనిపించేవి కావు. పేజీ తిప్పిన చప్పుడు విని, "ఏముంది దాంట్లో, చెప్పు" అనేది. చెబుతుంటే మధ్యలో నిద్రపోయేది. మోతి మాత్రం చివరిదాకా వినేది.

ఏప్రిల్‌లో ఆ రోజు సాయంత్రం కూడిక మా ఇంట్లోనే. వచ్చేవాళ్లు పెరట్లో కాళ్లు కడుక్కుని లోపలికి వస్తారు. అందుకని మధ్యాహ్నం అన్నాలయ్యాక నాయన మోతిని మెడపట్టి లాక్కుపోయి గూట్లో పెట్టి తాళం వేశాడు. "కూడిక అయ్యేదాకనే" అన్నాడట. తాళంచెవి జేబులో వేసుకుని కుర్చీలు తేవడానికి బజారుకు పోయాడు.

తర్వాత జరిగింది గాజుల సాయిబు భార్య చెప్పగా విన్నాను. అత్త అరిచింది. అమ్మ వంటింట్లో ఉండి విన్నది. ఆ సంగతి అమ్మే ఒప్పుకుంది. "ఎప్పుడూ అరిచేదే గదా అనుకున్నా" అంది. అత్త వసారాలోని బకెట్‌లో తువ్వాలు ముంచి, కర్ర ఊతంతో ఎండలోకి దిగి, గూటి ముందు నేల మీద కూర్చుంది. కమ్మీల సందులోంచి తడి తువ్వాలు లోపలికి పెట్టి కుక్క తల తుడిచింది. మళ్లీ తడుపుకు రావాలంటే లేవాలి. లేవలేకపోయింది. లోపలా వెలుపలా ఒకటే ఎండ. మిరపకాయలు తిరగేయడానికి తమ మిద్దె ఎక్కిన బీబమ్మ చూసి పరుగున వచ్చింది. అత్త తల కమ్మీలకు ఆనుకుని ఉంది. చేయి లోపలే ఉంది.

తాళాన్ని రోకలితో పగలగొట్టింది కూడా ఆమే. ఎన్నడూ కుక్కను తాకని మనిషి రెండు చేతులతో దాన్ని బయటికి లాగి, బకెట్ నీళ్లన్నీ దాని మీద పోసింది. నేను ఇల్లు చేరేసరికి ఆమె తలస్నానం చేసి, తడి జుట్టుతో, అత్త పక్కన కూర్చుని ఉంది. అప్పటికి అత్తను మంచం మీదికి చేర్చారు. మోతి ఎప్పటిలాగే మంచం కింద ఉంది, ఇంకా రొప్పుతోంది. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. గుండె కావచ్చు. నాయన వచ్చినవాళ్లందరికీ "మంచం మీదనే పోయింది" అని చెప్పాడు. కూడికలో అందరూ చెప్పింది ఆ మాటే.

ఆ ఆదరణ కూడిక మా హాల్లోనే జరిగింది. మోతిని పెరట్లో స్తంభానికి కట్టేశారు. మరుసటి రోజు దాన్ని శిరివెళ్ల దగ్గర మా బంధువుల తోటకు పంపాలని నాయన నిర్ణయించాడు. తోటకు కాపలా అట. బయట, గుంజకు, మళ్లీ. ఒక్కొక్కరూ లేచి ఆమె గురించి సాక్ష్యాలు చెప్పడం అయిపోయాక పాస్టరుగారు, "కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు" అన్నారు. నాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన లేచేలోపు నేను లేచాను.

ముందుకు పోలేదు. పెరటి తలుపు తీసి, కట్టు విప్పాను. వెనక్కి తిరిగేసరికి అందరి తలలూ నావైపే ఉన్నాయి.

"మోతి లోపలే పండుకుంటాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చాపల మీదివాళ్లు చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కున్నారు. మోతి వాళ్ల మధ్యనుంచి, చల్లని బండల మీద గోళ్లు టకటకమంటుండగా నడిచి, అత్త పాత గదిలోకి పోయింది. మంచం లేని చోట, మంచం కాళ్లు ఉండాల్సిన దగ్గర, చుట్టూ తిరిగి, తిరిగి పడుకుంది. నాయన నావైపు చూశాడు, నేలవైపు చూశాడు, లేవకుండా కూర్చుండిపోయాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. శిరివెళ్ల మాట ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గదిలో నేను పడుకుంటున్నాను. గోనెపట్ట తడిపి పరుస్తున్నాను. పెరట్లో గూడు అలాగే ఉంది, తలుపు తెరిచే ఉంది. అత్త తువ్వాలు కమ్మీలకు చిక్కుకుని, ఆమె పిడికిలి బిగించిన చోట నలిగి, ఆ మడతతోనే ఎండి అట్టలా బిగిసిపోయింది. అమ్మ తీయలేదు, నాయన తీయలేదు, నేను తీయనివ్వను. గాలి వీచినా అది కదలదు.