మావ ముందు తాగిన కూల్ డ్రింకు

ఎవరింటికెళ్ళినా ఫ్రిజ్ తలుపు చప్పుడు వినబడితే చాలు, నాకు నీరసం వచ్చేస్తుంది.

మా ఉద్దానంలో చుట్టానికి ఇంటి నీళ్ళివ్వరు. ఇచ్చేవాళ్ళకీ అనుమానమే, పుచ్చుకునేవాళ్ళకీ అనుమానమే. ఊరూరా ఉన్న ఈ కిడ్నీల జబ్బు నీళ్ళవల్ల వస్తోందో మరి దేనివల్ల వస్తోందో తెలీదు గానీ, చుట్టం గుమ్మంలో చెప్పులు విడవగానే ఫ్రిజ్‌లోంచి తీసో, కిళ్ళీ కొట్టుకెళ్ళో ఎవరో ఒకరు కూల్ డ్రింకు పట్టుకొచ్చేస్తారు. అది తాగాలి. తాగకపోతే, మా ఇంట్లో గ్లాసు ముట్టుకోడానికే భయపడిపోతోంది చూడు అనుకుంటారు. జబ్బుమనిషి ఉన్న ఇల్లయితే మరీను.

నాకేమో పొట్ట కోసేశారు. సుగరు, మోకాళ్ళ నొప్పులు, టెక్కలిలో మా బట్టల కొట్టు మెట్లెక్కితే ఆయాసం. బరువు తగ్గకపోతే లాభం లేదని విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. పొట్టలో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత చేసి కుట్టి పంపించారు. నీళ్ళయినా చప్పరించినట్టు తాగాలి. గ్యాసున్నది ఏదీ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకుంటే ఏమవుతుందో ఒక పెళ్ళిలో అర గుక్క సోడాతో తెలుసుకున్నాను. రొమ్ము కింద గాలి బిగుసుకుపోయింది. త్రేన్పు పైకి రాదు, కిందికి పోదు. చెమటలు పట్టేసి ఓ మూల కూలబడిపోయాను. ఇక ఆ తర్వాత అందరితోనూ అబద్ధాలే. పన్ను నొప్పన్నాను, ఉపవాసమన్నాను, గొంతు పట్టేసిందన్నాను. ఏటే, ఇలా చిక్కిపోయావేటి అంటే వాకింగన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కాపలా. నిజంగా అలిసిపోయాను.

ఆ అబద్ధాలు మా మావ దగ్గర మాత్రం చెల్లలేదు. మా అమ్మకి అన్నగారాయన. అమ్మ ఇదే కిడ్నీ జబ్బుతో నా చిన్నప్పుడే పోతే, కవిటి దగ్గర కొబ్బరితోటలో ఉన్న వాళ్ళింట్లో నన్ను పెంచాడు. ఇప్పుడు ఆయనకే వచ్చింది. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. ఒంట్లో నీరు పట్టేస్తుందని తాగే నీళ్ళకి కొలత పెట్టారు. పొద్దున్న మా అత్త ఒక చిన్న సీసా నింపి ఇస్తే మర్నాటి దాకా అదే. చుట్టూ కొబ్బరిచెట్లే, కానీ బొండాం నీళ్ళు ఆ జబ్బుకి అసలే పనికిరావు. ఆయన పెదాలు ఎప్పుడు చూసినా ఎండిపోయే ఉంటాయి.

అందుకని ఆయన ఒక దారి చూసుకున్నాడు. వచ్చినవాళ్ళకి కూల్ డ్రింకు తెప్పించి, ఎదురుగా కూచోబెట్టుకుని, వాళ్ళు తాగుతుంటే చూస్తాడు. అందరికన్నా నేను తాగితే ఇష్టం. చిన్నప్పుడు గోలీసోడా ఎత్తిన సీసా దించకుండా తాగేదాన్నని ఊరంతా చెప్పుకునేవాడు. నువ్వు తాగితే నా గొంతుక చల్లబడుతుందే అంటాడు. ఆ మాట విన్నాక తాగనని ఎలా చెప్పను? పైగా జబ్బుతో మనుషులు చిక్కిపోయి చచ్చిపోతున్న ఊళ్ళో, చిక్కడం కోసం కడుపు కోయించుకొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

అత్తకి మాత్రం చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకుని, కాసేపు తిట్టి, తర్వాత ఉపాయం చెప్పింది. నేను వస్తున్నానంటే చాలు, కూల్ డ్రింకు ముందే వంటింట్లో గిన్నెలో పోసి, గరిటెతో తిప్పి తిప్పి గ్యాసు పోగొట్టి ఉంచేది. అంత తీపి కూడా నాకు పడదు, కళ్ళు తిరుగుతాయి. అయినా ఆ చప్పటి తీపినీళ్ళు కషాయంలా కొంచెం కొంచెం మింగేదాన్ని. మావ ఇదివరకట్లా నవ్వేవాడు కాదు. నా మెడ ఎముకల వంక చూసి తల పక్కకి తిప్పేసుకునేవాడు. గటగటా తాగట్లేదని మనసు కష్టపెట్టుకున్నాడు కాబోలు అనుకున్నాను. ఈ ఇల్లంటే నాకు రోత పుట్టిందనుకుంటున్నాడేమో అని దిగులుపడ్డాను. పెంచిన మనిషి అలా అనుకుంటే ఇంకేముంది.

జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ఒకటే ఉక్కపోత. అత్త వంటింట్లోంచి వచ్చేలోపే మావ మంచం పక్కనుంచి సీసా తీశాడు. ఆ నీరసంలో తనే నడిచెళ్ళి తెచ్చుకున్నాడట. నా ఎదురుగానే మూత తిప్పాడు, సుయ్యిమంది. గ్లాసు నిండా పోసి చేతిలో పెట్టి, ఇదివరకట్లాగ తాగు, చూస్తానన్నాడు. గుమ్మంలోంచి అత్త కళ్ళతోనే వద్దంటోంది. నేను ఆయన పెదాల వంక చూశాను. తాగేశాను. సగం గ్లాసు, ఒకే ఊపులో.

గ్లాసు కింద పెట్టేలోగానే గుండెల మీద బండరాయి పెట్టినట్టయింది. పెరట్లోకి పరిగెత్తి, నూతి గట్టు పట్టుకుని నురగ నురగగా కక్కేశాను. ప్రాణం పోతుందనుకున్నాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మావ. డయాలసిస్ సూదులకి గుబ్బలు లేచిన చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు.

"నీకూ ఒచ్చీసిందేటే?"

నాకు ముందు అర్థం కాలేదు.

"మీ అమ్మకీ ఇలగే. ముందు సిక్కిపోనాది. మరి నీలు సయించనేదు. ఆ మీదట వాంతులు. నువ్వూ మీ అత్తా కలిసి నాకు దాసీసినారు గదే."

అప్పటికి తెలిసింది, ఆయన దేనికి భయపడుతున్నాడో. మాకు వేరే జబ్బులు ఉండవు మరి. మనిషి చిక్కితే అదే, నీళ్ళు తాగకపోతే అదే, వాంతయితే అదే. ఆయన మనసు కష్టపెట్టకూడదని నేను ప్రతిసారీ ఆ తీపినీళ్ళు మింగుతుంటే, ఆయన ప్రతిసారీ నన్ను చూసి మా అమ్మ చావు మళ్ళీ మొదటినుంచీ చూసుకుంటున్నాడు. ఆ రోజు సీసా తెచ్చింది కూడా నేను తాగగలనో లేదో తేల్చుకుందామనే.

అక్కడే అంతా చెప్పేశాను. నమ్మలేదు. అత్త చెప్పింది, ఆవిణ్ణీ నమ్మలేదు. చీర కొంగు పక్కకి తప్పించి పొట్ట మీద చిన్న చిన్న కోతల మచ్చలు చూపించాను. తన నెత్తి మీద చెయ్యేసి చెప్పమన్నాడు. వేశాను. కిడ్నీలు బాగున్నాయా అని అడిగాడు. బాగున్నాయి మావా, కొయ్యకముందు అన్నీ చూశారు అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

అప్పుడు కోపం వచ్చింది ఆయనకి. ఎన్ని తిట్లు తిట్టాడో. నా జబ్బుకి కూడా నేనింత ఏడవలేదు, ఇన్నాళ్ళూ నన్ను చంపేశావు కదే అన్నాడు. తిట్టి తిట్టి ఆయాసం వచ్చి నూతి గట్టు మీద కూచున్నాడు. ఆయాసం తీరాక, "తిండెక్కువై కోయించుకున్నావా? ఓలమ్మ, మంచి జబ్బే" అని నవ్వడం మొదలెట్టాడు. నాకు నవ్వు రాలేదు. బాగా ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతూ, ఇకనుంచీ నీ ముందు తాగలేను మావా, ఏమనుకోకు అని చెప్పాను. అత్త పొద్దుటి కొలత సీసాలో మిగిలిన నీళ్ళు ఆయన గ్లాసులోకి వంపుతోంది. అవి అందుకుని, తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"తాగకపోతే మానీ గుంటా. మీ అమ్మని ఈ బుజం మీదే మోసినాను. నిన్ను కూడా నా సేత మోయించకు."